ఇద్దరి పుట్టినరోజు ఒక్కనాడేనా సార్?

మా బడిలో లెక్కల సారు, తెలుగు మేడం ఈ శ్రావణంలో పెళ్లి చేసుకున్నారు. లగ్గం గురువారం. మళ్లీ బడికి వచ్చింది సోమవారం. ఆ రోజు మధ్యాహ్న భోజనంలో పిల్లలందరికీ తలా ఒక లడ్డూ పెట్టించారు. "ఎందుకని అడిగితే పుట్టినరోజని చెప్పుండ్రి" అని హెచ్ఎం సారు పొద్దున్నే మా అందరికీ చెప్పిపెట్టారు. వడ్డించే దగ్గర నిలబడ్డ ఆటల పీడీ సారు అట్లాగే చెప్పారు. "ఎవరిది సార్?" అన్నాడు ఆరో తరగతి పిలగాడు. "సారుది, మేడంది." వాడు పళ్లెం పట్టుకుని కాసేపు ఆలోచించాడు. "ఇద్దరి పుట్టినరోజు ఒక్కనాడేనా సార్?" వెనక వరసలో తొమ్మిదో తరగతి ఆడపిల్లలు చున్నీలు నోటికి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

ఆ నవ్వే నన్ను కూర్చోబెట్టి ఇది రాయిస్తోంది. ఆ ఆరో తరగతి వాడికి తప్ప ఆ వరండాలో అందరికీ నిజం తెలుసు. అబద్ధం చెప్పింది మాత్రం పంతుళ్లం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒకే బడిలో పనిచేసే ఇద్దరు పెళ్లి చేసుకుంటే, ఆ సంగతి ప్రేయర్‌లో పిల్లలందరి ముందూ చెప్పాలి. చప్పట్లు కొట్టించాలి. లడ్డూ పెడితే పెళ్లి లడ్డూ అనే పెట్టాలి. ఈ మాట స్టాఫ్ మీటింగులో అంటే నాతో కలిసి చెయ్యెత్తింది ఇద్దరే, అందులో ఒకరు అటెండర్. తర్వాత ఆలోచిస్తే నా వాదనలోనూ బొక్కలు కనపడ్డాయి. వాటిని దాచను.

మూడో పీరియడ్ రహస్యం

పిల్లల దగ్గర దాచామని మేము అనుకున్నాం. పిల్లలు టైంటేబుల్ చూసే పట్టేశారు. సంక్రాంతి సెలవుల తర్వాత లెక్కల సారు తన సోమవారం మూడో పీరియడ్‌ను సైన్స్ మేడంతో మార్చుకున్నారు. తెలుగు మేడానికి ఆ పీరియడ్ ముందునుంచీ ఖాళీ. "సార్ ఎందుకు మార్చుకున్నడో మాకెర్కే మేడం" అని తొమ్మిదో తరగతి లీడర్ నాతో ఫిబ్రవరిలోనే అన్నది. నాకు తెలిసింది మార్చిలో. ఒకనాడు మేడం తెచ్చిన పుంటికూర పప్పు సారు డబ్బాలో కనపడితే తప్ప నా బుర్రకు తట్టలేదు. ఇరవై ఏళ్లకు పైగా పాఠాలు చెప్తున్న మనిషిని, నేను.

అసలు మొదలైంది అంతకుముందే, అదీ బడి సాక్షిగానే. సావిత్రిబాయి ఫూలే పుట్టినరోజు జనవరి 3ను మహిళా టీచర్ల దినంగా జరపాలని 2025లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది కదా. ఇచ్చింది ఒక్కరోజు ముందు. రాత్రికి రాత్రి తెలుగు మేడం ఒక నాటిక రాసింది. 2024 డీఎస్సీలో వచ్చిన అమ్మాయి, చేరి మూడు నెలలు కూడా కాలేదు. ఎల్బీ స్టేడియంలో పది వేల మందితో కలిసి కాయితం అందుకున్నానని చెప్తే మేమంతా పక్కనున్నవాళ్ల ముఖాలు చూసుకున్నాం, అంతమందికి ఒకేరోజు ఉద్యోగం ఇవ్వడం మా కాలంలో ఎరగం. లెక్కల సారు 2017 టీఆర్టీ, డీఎస్సీకి అప్పట్లో ఆ పేరు. ఆ పరీక్ష రాసినవాళ్లు కోర్టుల చుట్టూ తిరిగి 2019లో గానీ చేరలేదు. అందుకేనేమో, ఆయన దేనికీ తొందరపడడు. ఆ రోజు మైకు పనిచేయకపోతే వైర్లు విప్పుకుని గంటన్నర కూర్చున్నాడు. నాటికలో జ్యోతిబా వేషం వేయాల్సిన పిలగాడు జ్వరమని రాలేదు. చివరికి ఆ రెండు డైలాగులూ మైకు పట్టుకుని సారే చెప్పాడు.

అంటే ప్రేయర్ గ్రౌండులో, పిల్లలందరి ముందు, 1848లో పుణెలో కలిసి బడి నడిపిన దంపతులను మేము పొగిడాం. పూలదండ వేశాం. ఎనిమిది నెలల తర్వాత మా కళ్లముందు ఉన్న జంటను పుట్టినరోజు అని దాచాం.

ఇదే మాట స్టాఫ్ రూములో అంటే ఇంగ్లిష్ మేడం పేపర్లు దిద్దుతూ తల ఎత్తకుండానే అన్నది: "అక్కా, సావిత్రిబాయికి పెళ్లయినప్పుడు తొమ్మిదేండ్లు. ఆయనకు పదమూడు. అదీ చెప్దామా పిల్లలకు?" నిజమే. 1840 నాటి పెళ్లి అది. నా ఉదాహరణ నాకే ఎదురు తిరిగింది. బాల్యవివాహంలోంచి అంత గొప్ప జంట వచ్చిందంటే ఏం చెప్పాలి? సోషల్ చెప్పేదాన్ని, ఏదో ఒకటి సర్ది చెప్పగలను. కానీ ఆ రోజు నోరు మూసుకున్నాను.

టీబీ వచ్చిన మేడం

ఈ విషయంలో నాకు ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలి.

2003లో నేను హన్మకొండలో ఒక ప్రైవేటు బడిలో పనిచేసేదాన్ని. అప్పటికి ఊరిపేరు అట్లాగే రాసేవాళ్లం. నాకు 2,400 జీతం. అదే బడిలో ఫిజిక్స్ చెప్పే ఆయనకు 3,200. మేమిద్దరం పెళ్లి చేసుకుంటామని చెప్పగానే కరస్పాండెంట్ చాలా మర్యాదగా టీ తెప్పించారు. తాగాక, "ఇద్దరిట్ల ఒకరే ఉండాలె. ఎవరన్నది మీరే మాట్లాడుకోండి" అన్నారు. రాసిపెట్టిన రూలేం కాదు. ఆ రోజుల్లో చాలా ప్రైవేటు బడుల్లో, కాలేజీల్లో ఇదే నడిచేది, ఇప్పుడూ నడుస్తోందని మా పాత విద్యార్థులు చెప్తారు. మాట్లాడుకునేదేముంది, 3,200 ఎక్కువ కదా. నేను మానేశాను. ఇంతవరకు నాకు తెలిసిన జంటల్లో మానేసిన మగమనిషి ఒక్కడూ లేడు. జీతం ఎవరికి తక్కువో వాళ్లు మానాలంటారు. తక్కువ జీతం ఎవరికి ఇస్తారో మళ్లీ వాళ్లే నిర్ణయిస్తారు.

నేను మానేసిన సంగతి కాదు నన్ను కుదిపింది. 2008 డీఎస్సీలో నాకు ఈ ఉద్యోగం వచ్చింది, ఆ బాధ ఎప్పుడో తీరింది. ఐదారేళ్ల కింద కాజీపేట స్టేషన్లో ఒకతను వచ్చి నా సంచి అందుకున్నాడు. నాటి ఏడో తరగతి పిల్లవాడు, ఇప్పుడు రైల్వేలోనే చేస్తున్నాడు. బాగున్నారా మేడం అని అడిగి, కొంచెం తటపటాయించి, "ఇప్పుడు ఆరోగ్యం మంచిగున్నదా? అప్పుడు మీకు టీబీ అట కదా" అన్నాడు.

నా పెళ్లి పిల్లలకు టీబీ అయ్యింది. మేడానికి ఒంట్లో బాగాలేదు, రాదు అని క్లాసులో చెప్పారట. మిగతాది పిల్లలు కల్పించుకున్నారు. నిన్నటిదాకా ఉన్న మేడం ఈ రోజు లేదు, ఎందుకో ఎవరూ చెప్పడం లేదు అంటే పిల్లలు మంచి కారణం ఊహించరు. దాచామంటే తప్పు జరిగిందని వాళ్లకు చెప్పినట్టే. మొన్న వరండాలో విన్న నవ్వూ అందులోంచి వచ్చిందే. అది వెక్కిరింపు నవ్వు కాదు, పెద్దవాళ్లు దొరికిపోయారన్న నవ్వు.

హెచ్ఎం సారు మాట

మా హెచ్ఎం సారు పాతకాలపు మనిషేం కాదు. పెళ్లికి వెళ్లాలంటే బడి మూయలేం కాబట్టి చీటీలు వేయించి, ఎవరు ఉండాలో ఎవరు పోవాలో ఆయనే తేల్చారు. ఉదయం ఫోన్ యాప్‌లో ముఖం చూపించి హాజరు పడ్డాకే అందరూ కదలాలి, పదకొండూ నలభైకి ముహూర్తం, నర్సంపేట ఫంక్షన్ హాలుకు ఆయన తన కారులోనే నలుగురిని ఎక్కించుకున్నారు. తలంబ్రాలప్పుడు అందరికంటే ముందు నిలబడి ఫోటోలు తీశారు. బగారన్నం, మటన్ దగ్గర రెండుసార్లు లైన్లో నిలబడ్డారు. అంటే పెళ్లి అంటే ఆయనకేం పేచీ లేదు. పేచీ బడి గేటు దగ్గర.

"మేడం, మీరు ప్రిన్సిపుల్ మాట్లాడుతాండ్రు. నేను స్ట్రెంత్ మాట్లాడుతాన. పొద్దుగాల ఎనిమిదింటికి మన ఊర్లకు మూడు ప్రైవేటు బడుల బస్సులు వస్తానయి. 'ఆ బడిల సార్లు, మేడాలే లవ్ చేసుకుంటాండ్రట' అని ఒక్క తల్లి నల్లా కాడ అన్నదనుకో. పది టీసీలు పోతయ్. పిల్లలు తగ్గితే పోస్టులు తీసే రేషనలైజేషన్ల ఒక పోస్టు ఎగిరిపోతది. ఆ పోస్టు ఎవరిదో తెల్సా, జూనియర్‌ది. అంటే ఆ తెలుగు మేడందే."

దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. ఆడపిల్లను హైస్కూలుకు పంపాలంటే ఆ తల్లికి ముందు కావలసింది భయం లేకపోవడం. ఊళ్లో ఏ చిన్న మాట పుట్టినా ముందు బడి మానేది తొమ్మిది, పది చదివే ఆడపిల్లే. అన్న కాదు, తమ్ముడు కాదు. ఈ లెక్క హెచ్ఎం సారుకు నాకంటే బాగా తెలుసు, టీసీల మీద సంతకం పెట్టేది ఆయన కాబట్టి.

అయినా ఒకటి అడగాలనిపిస్తుంది. ఆ తల్లికి ఈ సంగతి తెలియదా? ఊరంతా ఎరుగుదురు. శుభలేఖ మాజీ సర్పంచుకూ ఇచ్చాం. తల్లిదండ్రుల్లో పదిమంది పెళ్లికే వచ్చారు. వంట అక్క అయితే కట్నం కూడా రాయించింది, నూటా పదహార్లు. (మా వైపు పెళ్లిలో చదివించే డబ్బునూ కట్నమే అంటాం, తెలియనివాళ్లు కంగారు పడొద్దు.) ఊరికి తెలిసి, పిల్లలకు తెలిసి, బడి మాత్రం తెలియనట్టు నటిస్తే కాపాడేది దేన్ని?

పీడీ సారుది ఇంకో పాయింటు. "రేపు వాళ్లు విడిపోతే అదీ ప్రేయర్ల చెప్తమా మేడం?" అందరూ నవ్వారు గానీ నాకు నవ్వు రాలేదు. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక బడిలో అట్లాంటి జంట ఉండేది. పెళ్లయిన నాలుగో ఏట విడిపోయారు, బదిలీలు లేక మరో రెండేళ్లు ఒకే స్టాఫ్ రూములో చెరో మూల కూర్చున్నారు. అటెండెన్స్ రిజిస్టరు ఒకరు పెట్టాక ఇంకొకరు తీసుకునేవాళ్లు, చేతికి చెయ్యి ఇచ్చుకునేవాళ్లు కాదు. పిల్లలు సారు పార్టీ, మేడం పార్టీ అయ్యారు. అక్కడ పెళ్లిని ఊరేగింపుగా చేసి ఉంటే విడిపోవడం ఇంకా పెద్ద తమాషా అయ్యేది. సంతోషం చెప్పి దుఃఖం దాచడం న్యాయమా అంటే, కాదేమో. కానీ మనం ఇళ్లల్లో చేసేదీ అదే కదా. పెళ్లికి మైకు పెడతాం, మిగతా వాటికి తలుపేస్తాం. దీని మీద నాకింకా ఏదీ తేలలేదు.

"మరి మా అక్కను?"

లడ్డూల మర్నాడు పదో తరగతికి సోషల్ క్లాసు. పాఠం మొదలుపెట్టకముందే ఒక అమ్మాయి లేచింది. ఎప్పుడూ మాట్లాడే పిల్ల కాదు.

"మేడం, తెలుగు మేడంది లవ్ మ్యారేజేనా?"

హెచ్ఎం సారు గుర్తొచ్చారు. అయినా అబద్ధం చెప్పలేకపోయాను. "అవును బిడ్డా."

"వాళ్లింట్ల ఒప్పుకున్నరా?"

"ముందు ఒప్పుకోలే. తర్వాత ఒప్పుకున్నరు."

"ఇద్దరి కులం ఒక్కటేనా?"

"కాదు."

"మరి మా అక్కను ఎందుకు కొట్టిన్రు మేడం?"

వాళ్లక్క కథ ఊళ్లో తెలిసిందే. ఇంటర్ మధ్యలో ఒక ఆటో నడిపే అబ్బాయితో వెళ్లింది. మూడో రోజు తీసుకొచ్చారు. పద్దెనిమిది నిండడానికి ఇంకా రెండు నెలలు ఉంది. ఆ రెండు నెలలూ ఇంట్లో పెట్టి, నిండిన వారానికి జమ్మికుంట వైపు ఒక సంబంధం చేశారు. నిండకుండా చేస్తే, పేదింటి ఆడపిల్ల పెళ్లికి సర్కారు ఇచ్చే కల్యాణలక్ష్మి రాదు. 1,00,116 రూపాయల చెక్కు కోసం ఆగారని కొందరంటారు, చట్టానికి భయపడి ఆగారని కొందరు. ఏదైతేనేం, ఆగారు. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం, ఆడపిల్లకు 18, అబ్బాయికి 21 అని ఏటా బోర్డు మీద రాస్తాను. ఆ అమ్మాయి కూడా ఆ బోర్డు ముందే కూర్చుని రాసుకుంది.

నేను అప్పటిదాకా అనుకున్నదేమిటి? పిల్లలు ప్రేమంటే ఫోన్లో చూస్తారు, లేదంటే పరువు పోయిన గొడవల్లో చూస్తారు. చదువుకుని, ఉద్యోగం తెచ్చుకుని, ఒకరినొకరు మీరు అని పిలుచుకుంటూ, ఇంట్లోవాళ్లకు నెలల తరబడి నచ్చజెప్పి, కట్నం లేకుండా చేసుకునే పెళ్లి ఒకటి ఉంటుందని కళ్లారా చూడాలి. ఇదీ నా వాదన. తప్పని ఇప్పటికీ అనను. కానీ ఆ పిల్ల అడిగిన దాంట్లో ఇంకొకటి ఉంది. మీకు జీతం ఉంది కాబట్టి మీది పెళ్లి. మా అక్కకు లేదు కాబట్టి అది లేచిపోవడం. మీకు చప్పట్లు, మాకు దెబ్బలు. మనం చేసే వేడుక ఆ పిల్లకు దారి చూపిస్తుందా, లేక ఆ దారి నీది కాదని చెప్తుందా?

"కొట్టుడు తప్పు" అన్నాను. అంతకంటే ఏమీ రాలేదు. ఆ పిల్ల కూర్చుంది. నేను పుస్తకం తీసి ఎన్నో పేజీలో ఆపామని అడిగాను, నాకు తెలిసే అడిగాను.

తర్వాత ఆలోచిస్తే ఒకటి తోచింది. ప్రేయర్‌లో చప్పట్లు కొట్టించి ఊరుకుంటే ఆ పిల్ల ఆ ప్రశ్న అడిగేది కాదేమో. పూర్తిగా దాచేసినా అడిగేది కాదు. దాచీ దాచకుండా ఉండి, నోరు జారి అవునన్నాను కాబట్టి అడిగింది. కాబట్టి చెప్పడమంటే మైకులో చెప్పడమే కాదు, తర్వాత పిల్లలు అడిగేవాటికి నిలబడటం కూడా. నా ప్రతిపాదనలో ఆ రెండో సగం లేదు. స్టాఫ్ మీటింగులో చెయ్యెత్తమన్నప్పుడు నాకే తెలియదు.

స్టాఫ్ రూములో పెళ్లి

పిల్లల సంగతి సరే, మేమెట్లా జరుపుకున్నామో కూడా చెప్పాలి. తలా వెయ్యి వేసుకున్నాం. వాషింగ్ మిషనా, బీరువానా అని మూడు రోజులు చర్చ జరిగి చివరికి డబ్బే కవర్లో పెట్టి ఇచ్చాం. ఒక సీనియర్ సారు, "ముప్పై లక్షల పిలగాడు ఉత్తగ పోయిండు" అన్నారు. జోకే. వరకట్నం 1961 నుంచీ నేరమని పక్క గదిలో నేను చెప్తున్నప్పుడు, ఈ గదిలో రేటు ఇంకా పెరుగుతూనే ఉంది.

అన్నిటికంటే ఎక్కువ నడిచిన మాట స్పౌజ్ పాయింట్లు. "ఇగ మీకేంది, పది పాయింట్లు" అని పెళ్లి పందిట్లోనే అన్నవాళ్లున్నారు. బయటివాళ్లకు ఇది వింతగా ఉంటుంది గానీ మా లోకంలో పెళ్లికి పాయింట్లున్నాయి, భార్యాభర్తలిద్దరూ సర్కారు ఉద్యోగులైతే బదిలీల్లో కలుపుతారు. ఆ పాయింట్ల మీద 2023లో మిగతా టీచర్లు హైకోర్టుకు పోతే బదిలీలు నెలల తరబడి ఆగిపోయాయి. ఇంకోవైపు టీచర్లను కొత్త జిల్లాలకు పంచిన 2021 డిసెంబరు నాటి 317 జీవోతో భార్య ఒక జిల్లా, భర్త ఒక జిల్లా అయి, 13 జిల్లాల స్పౌజ్ టీచర్లు పిల్లల్ని చంకనేసుకుని హైదరాబాద్ చుట్టూ తిరిగారు. ఎవరి ఏడుపు వాళ్లకు నిజమే. మా ఆయన ఇప్పటికీ ప్రైవేటు కాలేజీలో చెప్తాడు, కాబట్టి నాకు ఆ పాయింట్లు లేవు. పెళ్లయి ఇరవై రెండేళ్లయినా బదిలీల లెక్కలో నేను పెళ్లికానిదాన్నే.

అక్షింతలతోపాటు అసూయ కూడా కొంచెం పడుతుంది. పడనీ. లెక్కల సారుకు ఈ బడిలో 2027లో ఎనిమిదేళ్లు నిండుతాయి, కదలక తప్పదు. అప్పుడు ఆ పది పాయింట్లు వాడుకుని దగ్గర్లో పడితే ఇవాళ అక్షింతలు వేసినవాళ్లే ముఖం తిప్పుకుంటారు.

ఇంకొక్కటి. చీటీలు వేసినప్పుడు, బడిలో ఉండాల్సిన ఇద్దరిలో ఒకరుగా ఇంగ్లిష్ మేడం తనంతట తనే ఉంటానన్నది. ఆమెకు నలభై దాటింది, పెళ్లి చేసుకోలేదు. ఏ పెళ్లికెళ్లినా "నీదెప్పుడమ్మా" అని అడుగుతారు, మా స్టాఫే ముందు అడుగుతారు. ఆ రోజు ఐదు క్లాసులను ఇద్దరే చూసుకున్నారు. వేడుక చేయాలి చేయాలి అని గొంతు చించుకున్న నేను ఆమె ఎందుకు ఆగిందో బగారన్నం తింటున్నప్పుడు గానీ ఆలోచించలేదు.

గడియారం

మళ్లీ ఆ సోమవారానికే వస్తాను. లాంగ్ బెల్ కొట్టాక తొమ్మిదో తరగతి ఏ సెక్షన్ వాళ్లు స్టాఫ్ రూము ముందు గుంపుగా నిలబడ్డారు. లీడర్ చేతిలో రంగు కాయితం చుట్టిన పెట్టె. తలా పది రూపాయలు వేసుకున్నారట. ఎవరిని అడిగి వసూలు చేశారని నేను కసిరాను, పది రూపాయలు లేని పిల్లలు ఆ క్లాసులో ఎవరెవరో నాకు తెలుసు. "ఇయ్యనోళ్ల పేరు గూడ రాసినం మేడం" అన్నది లీడర్.

తెలుగు మేడం విప్పింది. గోడ గడియారం. మా కాలంలో ప్రతి పెళ్లికీ ఏడెనిమిది వచ్చేవి, ఈ మధ్య ఎవరూ ఇవ్వడం లేదు. అద్దం మీద కింద స్టిక్కరు: 'హ్యాపీ మ్యారీడ్ లైఫ్, నైన్త్ ఏ'. హెచ్ఎం సారు అప్పుడే లోపలికి వచ్చారు. స్టిక్కరు చదివారు. పిల్లల్ని చూశారు, నన్ను చూశారు. "టైము పది నిమిషాలు ముందున్నది, సరిచేయుండ్రి" అని బయటికి వెళ్లిపోయారు.

వాళ్లకు వరంగల్‌లో ఇంకా కిరాయి ఇల్లు దొరకలేదు. ఒకరు నర్సంపేట నుంచి, ఒకరు హనుమకొండ నుంచి వస్తున్నారు. అందాకా ఇక్కడే ఉండనీయమని గడియారాన్ని స్టాఫ్ రూములో మేకుకు తగిలించారు. పది నిమిషాలు ఇంకా ముందే ఉంది, ఎవరూ సరిచేయలేదు. బీ సెక్షన్ వాళ్లు మాత్రం చాక్‌పీసుల కోసం వచ్చినప్పుడల్లా ఆ స్టిక్కరు చూసి, మేమూ పైసలిస్తమన్నం మేడం, వాళ్లే తీసుకోలేదు అని నాకు ఫిర్యాదు చేసి పోతున్నారు.